సముద్రపు ప్రాణి సంగతి

తాండూరు,
ఆగస్టు 1984

మీకు దండాలు. ఇక్కడ వానలు పడ్డాయి. అత్తమ్మ బాగుంది, గొర్రెలు బాగున్నాయి.

విశాఖపట్నంలో మీరు సీసాలు కడిగే చోట సముద్రపు నీళ్లు పరీక్షిస్తారని, అందులో ఒకే కణమున్న ప్రాణి లోపల వైరస్ చప్పుడు లేకుండా ఉండిపోతుందని, ఆ ప్రాణికి ఏమీ కాదని పోయినసారి రాశారు. అప్పుడు చదివి నవ్వాను.

నిరుడు నాకు కామెర్లు వస్తే అత్తమ్మ పసరు తాగించింది, తగ్గింది. ఈ మధ్య నీరసంగా ఉంటే వికారాబాద్ డాక్టరమ్మ నా రక్తం పరీక్షకు ఇక్కడి పట్నంలో పెద్దాసుపత్రికి పంపించింది. కామెర్ల వైరస్ ఇంకా లోపలే ఉందట. అత్తమ్మ ఆమెతో కొట్లాటకు దిగింది.

"కండ్లు తెల్లగైనయి గదమ్మా, ఇంగ యాడున్నది రోగం? గీ పిల్ల బువ్వ మస్తు తింటది!"

నాకు ఏడుపు రాలేదు. ఇంటికి వచ్చి జొన్నరొట్టెలు చేశాను.

నీళ్లు పరీక్షించే మీ సారును ఒక మాట అడగండి. ఆ ప్రాణి రెండుగా చీలుతుందని రాశారు కదా, అప్పుడు రెండోదానికి కూడా వైరస్ పోతుందా? పోకుండా ఆపవచ్చా? అత్తమ్మ పక్కనుంటే డాక్టరమ్మను అడగడానికి నాకు నోరు రాలేదు. మీరు నా పేరు చెప్పకండి. సముద్రపు ప్రాణి సంగతిగానే అడగండి.

నాకు మూడో నెల.

మీ ఇంటామె