చెర్రీ కాదు, నేరేడు

డ్యూసెల్‌డార్ఫ్, 2021 ఫిబ్రవరి, శుక్రవారం రాత్రి

చెర్రీ అనమంటే అననన్నాను. తప్పేముంది?

లాక్‌డౌన్‌లో టీమంతా కలిసి కూర్చున్నట్టుంటుందని ఆఫీసు వాళ్ళు ఇంటింటికీ ఒక రెడ్ వైన్ సీసా పంపారు. పేరు లెంబర్గర్. నెకార్ నది ఒడ్డున రాతిగోడలు కట్టి మెట్లు మెట్లుగా చేసిన కొండల మీద ఆ ద్రాక్ష పండుతుందట. వీడియో కాల్‌లో ఆ తోట యజమానురాలు, ఒక పెద్దావిడ, ఏం రుచి తెలుస్తోందని అందరినీ అడిగింది. అందరూ చెర్రీ అన్నారు. నేను నేరేడు అన్నాను. అదే పులుపు, చివర్లో అదే వగరు.

మా మేనేజర్ నవ్వాడు. "అలవాటైతే మీకూ చెర్రీ తెలుస్తుందిలెండి."

ఒళ్ళు మండింది. "చెర్రీ నేను తిన్నది ఈ దేశం వచ్చాకే. నేరేడు పలకా బలపం పట్టకముందే తిన్నాను. నా నోటికి ఏం తెలిసిందో నేనే చెప్పాలి" అన్నాను, నా వచ్చీరాని జర్మన్‌లోనే.

పెద్దావిడ మాత్రం నవ్వలేదు. "నేరేడు" అని రెండుసార్లు పలికి చూసుకుంది.

కాల్ అవగానే మా ఆయన అందుకున్నాడు. "నీ ప్రోబెట్సైట్ ఇంకా అవ్వలేదు తల్లీ! జాబ్ పర్మనెంట్ అయ్యేదాకా వాళ్ళు చెర్రీ అంటే చెర్రీ అనెయ్యొచ్చుగా?"

అది గుచ్చుకుంది. సోమవారం ఆ మేనేజర్‌తోనే మీటింగ్. ఒకవేళ...

ఇందాక వంటింట్లో చప్పుడైతే వెళ్ళి చూశాను. ఈయన వైన్ గ్లాసు వీపు వెనక దాచుకున్నాడు.

"ఏదీ, నాలుక చాపు."

చాపాడు. ఊదారంగు.

"ఏం పండు?"

"నేరేడే" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

సోమవారం ఏమైనా కానీ. ఈ ఇంట్లో అది నేరేడే.