ఎవ్వలు నేర్పిన్రు

20 జూన్ 2011, సోమవారం

పెట్టెలు వచ్చాయి. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ల ట్రస్ట్ మా స్కూలుకి డొనేట్ చేసింది. వాళ్లు వాడి పక్కన పెట్టేసిన కంప్యూటర్లు కొన్ని, ఇంకో పెద్ద పెట్టె నిండా పనిముట్లు. సోల్డరింగ్ ఐరన్లు, మల్టీమీటర్లు, గ్లూ గన్, బుల్లి మోటార్లు, బజర్లు, చారెడు ఎల్ఈడీలు. హెడ్‌మాస్టర్ మదన్ మోహన్ గారు కంప్యూటర్లకు కుంకుమ బొట్లు పెట్టించి కొబ్బరికాయ కొట్టించారు. పనిముట్ల పెట్టెలోకి మాత్రం తొంగి చూసి, గిదేంది, మెకానిక్ షాపు సామానా అన్నారు. సైన్స్ మీరే చెప్తరు గద నవోమి మేడమ్, మీరే సూసుకోండ్రి అని స్టోర్‌రూమ్ తాళంచెవి నా చేతిలో పెట్టారు.

ట్రస్ట్ మనిషి రత్నాకర్ గారు ఖరాఖండీగా చెప్పి వెళ్లారు. దసరా అయ్యాక వచ్చి చూస్తారట. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు వీటితో ఏదైనా చేస్తుంటే సరే, ఇంకో పెట్టె కూడా ఇస్తారు. అటకెక్కిస్తే అంతా లారీ ఎక్కించి వేరే జిల్లాలో స్కూలుకి పంపేస్తారు. దానమిచ్చిన ఆవుకి మనం పళ్లు లెక్కపెట్టకూడదు, నిజమే. ఇక్కడ ఇచ్చినాయనే మన పళ్లు లెక్కపెట్టడానికి వస్తానంటున్నాడు.

తాళంచెవి పర్సులో వేసుకున్నాను. మెదక్ వచ్చి ఆరేళ్లయింది. ఈ ఊళ్లో నాది అనడానికి ఇప్పటిదాకా ఒక కిరాయి గది తాళంచెవే ఉండేది.

28 జూన్

అరచెయ్యి కాలింది. ఏడో తరగతి ఆశ్రిత సోల్డరింగ్ ఐరన్‌ని స్టాండ్ పక్కన పెట్టింది. నేను చెయ్యి ఆనించబోతుంటే పైలం టీచర్, పైలం అని అరిచింది. పైలం అంటే ఏమిటే అని అడుగుతూ తిన్నగా దాని మీదే చెయ్యి పెట్టాను. పైలం అంటే జాగ్రత్త అట. ఆరేళ్లలో నాకు ఆ మాట చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదన్నమాట. క్లాసంతా బిక్కచచ్చిపోయింది. నేను నవ్వాక వాళ్లూ నవ్వారు.

9 జూలై, శనివారం

కంప్యూటర్లలో మూడే బతికాయి. అవి కూడా కరెంటు ఉన్నప్పుడే. చచ్చినవాటిని పిల్లలకిచ్చి విప్పమన్నాను. హెడ్‌మాస్టర్ గారు కిటికీలోంచి చూసి అయ్యయ్యో అయ్యయ్యో, బొట్టు పెట్టిన వస్తువు అని గుండె పట్టుకున్నారు. ఫ్యాన్లు, స్పీకర్లు, స్క్రూలు అన్నీ వేరుచేసి పేపర్ మీద పరిచారు. ఫ్యాన్‌కి బ్యాటరీ తగిలించి ఒకళ్ల మొహానికి ఒకళ్లు గాలి పట్టుకున్నారు. ఎవరికీ మార్కులు లేవు, ఎవరూ ఇంటికి పోమన్నా పోలేదు.

శనివారం మధ్యాహ్నాలంటే నాకు భయం. గదికెళ్తే సోమవారం దాకా మనిషి గొంతు ఉండదు. ఇవాళ చీకటి పడేదాకా స్కూల్లోనే ఉన్నాను.

23 జూలై

ఆశ్రిత రోజూ లేటు. రోజూ తిడుతున్నాను. ఇవాళ కారణం అడిగాను, ముందే అడగాల్సింది. వాళ్ల వాడలో నల్లా ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. కుళాయిని ఇక్కడ నల్లా అంటారు, నేనూ అనేస్తున్నాను. అమ్మ పద్మమ్మ ఏడుపాయల గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్ముతుంది. తెల్లారకముందే బస్సెక్కుతుంది. ఈ పిల్ల బిందెలు పెట్టుకుని నల్లా ముందు కూర్చోవాలి. లేస్తే నీళ్లు పోతాయి, మళ్లీ రెండ్రోజులకు గానీ రావు. కూర్చుంటే బడి పోతుంది. నల్లాకు నోరుంటే మంచిగుండు టీచర్, అచ్చినప్పుడు పిలుస్తుండె అంది.

నోరు పెడదాం అన్నాను.

6 ఆగస్టు

నోరు వచ్చింది! బిందె అడుగున రెండు తీగలు, ఒక ట్రాన్సిస్టర్, బ్యాటరీ, బజర్. నీళ్లు తీగలకు తగలగానే కీచుమంటుంది. ఆశ్రిత మూడుసార్లు సోల్డర్ చేసి మూడుసార్లు ఊడగొట్టింది. నాలుగోసారి నేను చెయ్యి పెట్టబోతే తోసేసింది. ఇంట్లో పెట్టుకుంది. ఇవాళ ప్రేయర్ కంటే ముందొచ్చి, వంట చేసుకుని జడలేసుకుని వచ్చిన టీచర్ అని రిబ్బన్లు చూపించింది.

మిగతా పిల్లలు మా ఇంటికి, మా ఇంటికి అని మీద పడ్డారు. సోషల్ చెప్పే అమరేందర్ గారు చూసి గమ్మత్తుందే అన్నారు. ఆయన నాతో టీ తాగే ఒకే ఒక్క మనిషి. ఎక్కువ మాట్లాడం. ఆయన గ్లాసులు కడిగి పెడతారు.

14 ఆగస్టు, ఆదివారం

ఎవరితోనూ మాట్లాడలేదు. చర్చిలో పాడాను, అది మాట్లాడటం కాదు.

16 సెప్టెంబరు

సకల జనుల సమ్మె. మా టీచర్లూ ఇవాళ దిగారు. స్కూలుకి తాళం. రాందాస్ చౌరస్తాలో టెంటు వేశారు, మైకు నా గదిలోకి వినిపిస్తుంది. స్టాఫ్ అంతా అక్కడే. నన్నెవరూ రమ్మనలేదు, రావద్దని కూడా అనలేదు. రేపల్లె నుంచి అన్నయ్య ఫోన్ చేసి రాష్ట్రం విడిపోతే నిన్ను ఉండనిస్తారా, ఇప్పుడే వచ్చెయ్ అన్నాడు. పిల్లలకి క్వార్టర్లీ పరీక్షలున్నాయి అన్నాను. లేవు. సమ్మె కదా.

నేను ఏ పక్షమో నాకే తెలియదు. వీళ్లు అడిగేది న్యాయమే అనిపిస్తుంది. ఆ మాట టెంటులో కూర్చుని చెబితే వేషం అంటారు, మా ఊళ్లో చెబితే ద్రోహం అంటారు. కాబట్టి డైరీకి చెబుతున్నాను.

24 సెప్టెంబరు

పిల్లలు ఇద్దరు ముగ్గురు ఇంటికొచ్చి స్టోర్‌రూమ్ తెరవమన్నారు. వెనక గేటు నుంచి తెరుద్దామనే అనుకున్నాను. అమరేందర్ గారికి ఎలా తెలిసిందో, వచ్చి మెట్ల దగ్గరే నిలబడ్డారు. జర ఆగండ్రి మేడమ్, తెరిస్తే ఆంధ్రా మేడమ్ సమ్మె చెడగొట్టిందంటరు, నేను ఎంతమందికని చెప్తా అన్నారు. టీ తాగమన్నాను. వద్దన్నారు.

1 అక్టోబరు

రత్నాకర్ గారి ఫోన్. పన్నెండున వస్తారట. సమ్మె సంగతి చెప్పాను. ఆయన మంచిగానే మాట్లాడారు. కానీ తాళం వేసిన గది ఫొటో తీసుకెళ్లి ట్రస్ట్ వాళ్లకి ఏం చూపించను మేడమ్, అడిగే స్కూళ్లు చాలా ఉన్నాయి అన్నారు. వాయిదా వెయ్యడం ఆయన చేతిలో లేదట.

పోతే పెట్టె పోతుంది, ప్రాణం పోదు. ఇలా రాసుకుంటే ధైర్యం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆ గది పోతే నేను మళ్లీ స్టాఫ్‌రూమ్‌లో కిటికీ పక్క కుర్చీని అవుతాను. నాకు ఆ గది కావాలి.

8 అక్టోబరు

చౌరస్తాలో వంటా వార్పు. రోడ్డుకి అడ్డంగా పొయ్యిలు పెట్టి వండి అందరికీ వడ్డిస్తున్నారు. ఒక పక్క మంగలివాళ్లు కుర్చీలేసి గడ్డాలు గీస్తున్నారు. ఇంకో పక్క ఇస్త్రీపెట్టెలు, కుట్టుమిషన్లు. ఎవరి పని వాళ్లు నడిరోడ్డు మీద చెయ్యడమే సమ్మె. మా ఇంటి ఓనరు ఐలమ్మ విస్తరిలో అన్నం తెచ్చిపెట్టి, తిను బిడ్డా, దీనికేం పార్టీ లేదు అంది.

తింటుంటే తట్టింది. మంగలి పని రోడ్డు మీద చేస్తే సమ్మె అయినప్పుడు, మా పిల్లల పని రోడ్డు మీద చేస్తే ఎందుకు కాదు? చెయ్యి కడుక్కుని తిన్నగా టెంటులోకి వెళ్లాను. మొదటిసారి. మైకులో మాట్లాడుతున్నాయన ఒక్క క్షణం ఆగాడు. అమరేందర్ గారికి విషయం చెప్పాను. మీ బుర్రే బుర్ర మేడమ్, కమిటీని అడుగుత అన్నారు.

9 అక్టోబరు

కమిటీ ఒప్పుకుంది. స్కూలు బోర్డు, బెంచీలు, పనిముట్లు, పిల్లలు, అన్నీ పన్నెండున చౌరస్తాలో. రత్నాకర్ గారు అక్కడే చూస్తారు.

నేను మాత్రం రాకూడదు.

అమరేందర్ గారు నేల చూస్తూ చెప్పారు. మీ మీద ఎవ్వలకు కోపం లేదు మేడమ్. కాని మైకు పట్టుకున్నోడు ఎవడన్న ఒక మాట జారితే నేను ఆపలేను, మీరు పరేషాన్ అయితరు. మీ పేరు కూడా రాకుంటె మంచిది. ఇది నా కోసమా మీ కోసమా అని అడిగాను. ఇద్దరి కోసం అన్నారు. అబద్ధమాడి ఉంటే తలుపేసేదాన్ని. తాళంచెవి ఇచ్చేశాను.

ఇచ్చాక ఏడ్చాను. బాగా ఏడ్చాను.

11 అక్టోబరు

మూడ్రోజులుగా ఐలమ్మ వరండాలో క్లాసు. పనిముట్లు అమరేందర్ గారు తెచ్చిచ్చారు. ఆశ్రిత లీడర్. జనం చూస్తుంటే చేతులు వణుకుతాయి, ఐరన్ రెండు చేతులా పట్టుకోకు, ఊపిరి బిగబట్టకు అని చెప్పాను. ఇల్లు కాలవెట్టకుండ్రి పోరగాండ్లూ అని ఐలమ్మ పక్కన నీళ్ల బకెట్ పెట్టింది. నా పేరు ఎవరూ ఎత్తకూడదని కూడా నేనే చెప్పాను. ఎందుకు టీచర్ అంది ఆశ్రిత. అంతే అన్నాను.

12 అక్టోబరు, ఉదయం

గదిలోనే ఉన్నాను. కిటికీ తీసే ఉంచాను. నినాదాలు, డప్పులు. తర్వాత ఉపన్యాసం. సమ్మె మొదలయ్యాక కరెంటు సరిగా ఉండటం లేదు, టెంటులో ముసలి జనరేటర్ ఒకటుంది. అది మైకుకే మూలుగుతుంది.

11.20

మైకు ఆగిపోయింది. మాట మధ్యలో. కరెంటు మొత్తం పిల్లలకు ఇచ్చినట్టున్నారు. ఐరన్లు వేడెక్కుతున్నాయి. రెండు నిమిషాలు ఆగాలి, తొందరపడకూడదు.

11.45

జనం చప్పట్లు. బజర్ మోగి ఉంటుంది. ఇక్కడికి వినపడలేదు.

సాయంత్రం

అమరేందర్ గారు పరుగులాంటి నడకతో వచ్చి అంతా చెప్పారు. బకెట్‌లో నీళ్లు పొయ్యగానే బజర్ మోగిందట, ఆడవాళ్లు మాకొకటి మాకొకటి అని పిల్లల్ని చుట్టేశారట. రత్నాకర్ గారు మురిసిపోయి పెట్టె ఇక్కడే ఉంటుంది, రెండోది కూడా పంపిస్తామన్నారట. కమిటీ వాళ్లు జనరేటర్ మళ్లీ మైకుకి తగిలించి ఆశ్రితను పిలిచి, ఇదంతా ఎవరు నేర్పారమ్మా అని అడిగారట.

ఎవ్వలు నేర్పలే సార్, మేమే నేర్సుకున్నం అందట.

పోరి ఏం చెప్పింది మేడమ్ అని అమరేందర్ గారు తొడ చరిచారు. నేను కూడా నవ్వాను. పెట్టె నిలబడింది. పేరు ఎత్తవద్దన్నది నేనే. ఎవరో ఒక టీచర్ నేర్పిందని అంటే సరిపోయేది కదా. ఎవ్వలు నేర్పలే అంటే నేనూ నేర్పనట్టే.

13 అక్టోబరు

వంట చెయ్యలేదు.

15 అక్టోబరు

మేమే నేర్చుకున్నాం అనాలనే కదా ఏ టీచరైనా కోరుకునేది. కోరుకున్నది దొరికితే ఇంత కడుపు మండుతుందని ఏ బీఎడ్‌లోనూ చెప్పలేదు.

18 అక్టోబరు

బడి తెరిచారు. హెడ్‌మాస్టర్ గారు నవ్వుతూ తాళంచెవి ఇచ్చారు. స్టోర్‌రూమ్ తెరవలేదు. సిలబస్ వెనకబడిందని టెక్స్ట్‌బుక్ చదివించాను. పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఆశ్రిత రెండుసార్లు చెయ్యెత్తింది, చూడనట్టు ఊరుకున్నాను. చిన్నపిల్ల మీద నాకు కోపం. సిగ్గు లేదు నాకు.

19 అక్టోబరు

ఇవాళ కూడా తెరవలేదు.

21 అక్టోబరు

తెరిచాను. ఆశ్రిత ఏమీ అడక్కుండా వచ్చి కూర్చుంది. తీగ ఒలుస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది. ఆ రోజు మైకు దగ్గరున్న పెద్దమనిషి నా చెవిల, అమరేందర్ సార్ నేర్పిండని చెప్పు బిడ్డా అన్నడు. మీ పేరు చెప్పద్దన్నరు గద టీచర్, ఇంకొకల పేరు నేనెట్ల చెప్త? గందుకే ఎవ్వలు నేర్పలే అన్న.

దాని ముందున్న బజర్ తీసుకుని తిప్పి చూశాను.

ఆ జాయింట్ సరిగా అతకలేదు, తీసి మళ్లీ పెట్టు అన్నాను.

మళ్లీ పెట్టింది.