పెనాల్టీకి వీపు తిప్పే నాన్న

ఆదివారం రాత్రి, సంత్రాగాఛి

మా అమ్మాయి స్వాతి వాళ్ల కాలేజీ జట్టు ఈ సాయంత్రం ఓడిపోయింది. నాకు నిద్ర పట్టనిది అందుకు కాదు.

స్వాతి చదివే ఆ భవానీపూర్ కాలేజీలో మా నాన్న చదవలేదు. వాళ్ల మైదానానికి సున్నంతో గీతలు గీసేవాడు, అంతే. వేళ్లకు ఆ సున్నం ఉండగానే నన్ను పక్కన నిలబెట్టుకుని ఆట చూసేవాడు. చివరిదాకా "మన జట్టు" అనే అన్నాడు. పెనాల్టీ వస్తే మాత్రం చూడలేక వెనక్కి తిరిగిపోయేవాడు. చూసి చెప్పడం నా పని.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఫైనల్లో పెనాల్టీ వచ్చింది. "ఏటయినాదిరా?" అన్నాడు. బంతి అవతలి గోల్‌కీపర్ చేతుల్లో ఉంది. నాన్న మొహం వాడిపోతుందని "గోల్ నాన్నా!" అనేశాను. నన్ను భుజాలకెత్తుకుని గెంతాడు. చుట్టూ అందరూ నవ్వారు. నా మాట నమ్మి నాన్న నవ్వులపాలయ్యాడని ఇన్నేళ్లూ నాకు సిగ్గే.

ఈరోజు పెనాల్టీ రాగానే తెలియకుండానే నేనూ వెనక్కి తిరిగాను. "ఏటయినాదే?" అన్నాను. అచ్చం నాన్న గొంతు. పక్కనే నిలబడి చూస్తున్న స్వాతి నా చెయ్యి పట్టుకుని "గోల్ నాన్నా!" అంది.

కానీ అంతకుముందే మైదానమంతా "ఇష్!" అని నిట్టూర్చింది. వీపు తిప్పితే మాత్రం చెవులు మూసుకుపోతాయా?

అంటే ఆ రోజు నాన్నకీ వినిపించింది. వినిపించాకే నన్ను ఎత్తుకున్నాడు.