తీసేసిన శబ్దం

నోవై, మిషిగన్
ఫిబ్రవరి 9, ఆదివారం

చిరంజీవి అదితికి,

నాన్న దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మీ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. రెడ్‌మండ్‌లో నువ్వూ అలాగే ఉన్నావని నీ ఉత్తరం చూసి స్థిమితపడ్డాం. నెలకో ఉత్తరం తెలుగులోనే రాసుకుందామన్న మాట నువ్వు తప్పడం లేదు. ఈసారి ఒత్తులు రెండు చోట్లే పోయాయి. మీ అమ్మ దాన్ని తీసుకెళ్లి ఫ్రిజ్‌కి అంటించింది. ఇది కాస్త పెద్ద ఉత్తరం. అర్థం కాని చోట పైకి చదువుకో, తెలుస్తుంది.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. అమ్మ మోకాలికి వారానికి రెండుసార్లు థెరపీ చేయిస్తున్నాను. అక్కడ బుద్ధిగా అన్నీ చేస్తుంది, ఇంటికొచ్చాక ఒక్కటీ చెయ్యదు. మంచు ఊడ్చే స్నో బ్లోయర్ బాగు చేయించలేదు. కోప్పడతావని తెలుసు. అది చేయించి ఉంటే ఈ ఉత్తరం మరోలా ఉండేది, ఎందుకో తర్వాత నీకే తెలుస్తుంది. ఇక నువ్వు ఆఫీస్ కాల్‌లో ఉండగా, స్పీకర్ ఆన్‌లో ఉందని తెలియక 'బూందీ' అని పిలిచి నీ పరువు తీశానన్నావు. మీ టీమ్‌లోని ఇషిత ఇప్పటికీ ఏడిపిస్తోందన్నావు. ముప్ఫై ఏళ్ల పిల్లని అలా పిలవడం తప్పే. ఇకనుంచి అదితి అనే పిలుస్తాను.

చివరగా, మిస్టర్ వీక్స్ రికార్డు గురించి అడిగావు. పాత రికార్డుల్లో గరగరలు తీసెయ్యడానికి మీరు తయారుచేసిన ప్రోగ్రామ్ దాన్ని ఎంత బాగా శుభ్రం చేసిందో మీ టీమ్‌కి వినిపించవచ్చా అన్నావు. వద్దమ్మా. ఎందుకు వద్దో చెప్పడానికే ఇవాళ కూర్చున్నాను. మూడు నెలలుగా నీ దగ్గరా మీ అమ్మ దగ్గరా దాచిన సంగతి ఇది. ఫోన్‌లో చెప్పే ధైర్యం లేదు.

ఆల్టన్ వీక్స్ గురించి నీకు కొంచెమే చెప్పాను. డెట్రాయిట్‌లో సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి, ఎనభై ఏళ్లవాడు. మేం నలుగురు ముసలివాళ్లం శనివారాలు లైబ్రరీ బేస్‌మెంట్‌లో పాత రికార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటాం కదా, అక్టోబరులో అక్కడికి అట్టపెట్టె పట్టుకుని వచ్చాడు. పెట్టెలో ఉన్నది ఒకే ఒక్క డిస్కు.

ఆ డిస్కు ఎలాంటిదో చెప్పాలి. 1949లో రేడియో స్టేషన్ వాళ్లు జాజ్ క్లబ్బుకి టెలిఫోన్ తీగ లాగి, స్టేజి మీద వాయిస్తున్నది వాయిస్తున్నట్టే అరగంటసేపు ప్రసారం చేసేవాళ్లు. బీబాప్ అనే కొత్త తరహా జాజ్ అప్పుడప్పుడే పుంజుకుంటున్న రోజులు. ఎంత వేగంగా వాయించేవాళ్లంటే, కాలు ఆడిద్దామనుకునేలోపు పాట నాలుగు వీధులు దాటిపోతుంది. అరగంట అయిపోతే అయిపోయినట్టే, చాలాసార్లు ఎవరూ దాచేవాళ్లు కాదు. ఎవరింట్లోనైనా డిస్కు కోసే మెషిను ఉంటే రేడియో ముందు మైకు పెట్టి, నల్లటి పూత పూసిన అల్యూమినియం పళ్లెం మీద గీసుకునేవాళ్లు. మైకు ఇంట్లో ఉంటుంది కాబట్టి పాటతో పాటు ఇంటి చప్పుళ్లూ అందులో పడేవి.

మిస్టర్ వీక్స్ తండ్రి అలాంటి ప్రసారంలో ఒక సాయంత్రం పియానో వాయించాడు. ఆయన సంగీతం రికార్డయింది ఆ ఒక్కసారే. పక్కింటాయన మెషిను మోసుకొచ్చి, వీక్స్ వాళ్ల వంటింట్లోనే డిస్కు కోశాడు. మిస్టర్ వీక్స్‌కి అప్పుడు నాలుగేళ్లు. మరుసటి చలికాలంలో తల్లి క్షయతో పోయింది. తండ్రి బ్యాండు వెంట ఊళ్లు తిరగడానికి వెళ్లి మళ్లీ రాలేదు. పిన్ని పెంచింది.

ఆరోజు ఆయన అన్న మాట నీకు తెలుగులో రాస్తున్నాను. "మా నాన్న కోసం తేలేదు మిస్టర్ రావ్. ఇందులో మా అమ్మ కూడా ఉంది. నన్నేదో ముద్దుపేరుతో పిలిచేది. అదేమిటో మర్చిపోయాను. చెప్పేవాళ్లెవరూ మిగల్లేదు. రేడియో మోగుతుంటే ఆ పేరు పెట్టి నన్ను పిలవడం మాత్రం గుర్తుంది. ఇందులో ఉండాలి."

నేను తలూపాను. నా చూపంతా డిస్కు అంచున లేచిన పెచ్చు మీదే ఉంది. అంత పెచ్చులు లేచిన డిస్కు ఒక్కసారికి మించి ముల్లుకి ఓర్చుకోదు, దీన్ని ఎలా ఆడించాలా అని ఆలోచిస్తున్నాను.

ఇంటికి తెచ్చి నా టేబుల్ మీదే ఆడించాను. ముల్లు ముందుకు పోతుంటే వెనక పూత ఊడిపోతూ వచ్చింది. నాలుగు నిమిషాలకు పళ్లెం మీద తెల్లటి అల్యూమినియం మిగిలింది. కంప్యూటర్‌లోకి మాత్రం మొత్తం ఎక్కింది. గరగరల మధ్య నుంచి ఆ పియానో వినపడేసరికి నాకు ఒళ్లు పులకరించింది. మీ అమ్మ టీ పట్టుకొచ్చి వెనక నిలబడి వింది.

"ఎవరో ఆడమనిషి పిలుస్తోందండీ," అంది.

"అది రూమ్ నాయిస్. క్లీన్ చేస్తే పోతుంది," అన్నాను.

"నాయిస్ ఏంటి? పిల్లాణ్ణి ఏదో అంటోంది."

"నువ్వు పాట విను."

అదీ నేనన్న మాట. అక్టోబరులో ఆ మనిషి నా ఎదుట నిలబడి చెప్పింది ఆ నిమిషంలో గుర్తుకే రాలేదు. ఇరవై ఆరేళ్లు నా ఉద్యోగమేమిటో నీకు తెలుసు. కారులో కూర్చున్నవాడికి వినపడకూడని చప్పుడు ఎక్కడ పుడుతోందో పట్టుకుని అక్కడే నొక్కెయ్యడం. డ్యాష్‌బోర్డ్ కిటకిట, అద్దం సందులో గాలి. మంచులో ఆఫీస్‌కి డ్రైవ్ చేసే రోజుల్లో కారు రేడియోలో ఈ పాత ప్రసారాలు వింటూ కూడా, ఆ గరగర తీసేస్తే ఎంత బాగుంటుందో అనుకునేవాణ్ణి. కావలసింది ఒకటి, తక్కిందంతా నాయిస్. నా చెవి అలా తయారైంది.

మా నలుగురికీ ఒక నియమం ఉంది. డిస్కులోంచి ఎక్కించిన ఫైలు ముట్టుకోకూడదు, కాపీ తీసి దాని మీదే పని చెయ్యాలి. కొత్తగా వచ్చినవాళ్లకి ఆ నియమం నేర్పేది నేనే. ఆరోజు తొందరలో కాపీ తియ్యలేదు. నువ్వు పంపిన ప్రోగ్రామ్‌ని అసలు ఫైలు మీదే నడిపి, దాని మీదే సేవ్ చేశాను. అయ్యాక విన్నాను. పియానో నిన్న వాయించినట్టుంది. వంటింటి చప్పుళ్లు లేవు. ఆమె గొంతు లేదు. అప్పుడు గుర్తొచ్చింది ఆయన అడిగిందేమిటో.

నీ ప్రోగ్రామ్ తప్పు కాదమ్మా. అడిగినట్టే చేసింది.

నవంబరంతా ఆ ఫైలుతో కుస్తీ పట్టాను. ఏమీ దొరకలేదు. డిసెంబరంతా మిస్టర్ వీక్స్‌కి సాకులు చెప్పాను. నువ్వు ఫోన్ చేసి "ఎలా వచ్చింది నాన్నా?" అంటే అద్భుతం అన్నాను. ఈలోగా ఆయన ఊపిరితిత్తులు చెడిపోయాయి. జనవరిలో హాస్పిస్‌కి, ఇక నయం కానివాళ్లని చివరిదాకా చూసుకునే చోటికి, మార్చారు. జనవరి 30న, గురువారం, ఆయన కూతురు డెనీస్ ఫోన్ చేసి, ఇక వాయిదా వేస్తే లాభం లేదంది.

ఆ ముందు రోజే ఇక్కడ అడుగు మంచు పడింది. ఎవరో పొరుగాయన మన డ్రైవ్‌వేలో కారు పట్టేంత దారి చేసిపెట్టాడు. రోడ్డు అంచున మెయిల్‌బాక్స్ మాత్రం రోడ్డు శుభ్రం చేసే ప్లౌ బండి తోసిన మంచులో కూరుకుపోయింది. బ్లోయర్ లేదు, పార పట్టే ఓపిక లేదు. తర్వాత తీద్దాంలే అని హాస్పిస్‌కి వెళ్లాను.

ఆయన చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టాను. తండ్రి పియానో మొదలవగానే దుప్పటి మీద ఆయన వేళ్లు కదిలాయి. డెనీస్ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. పాట అయిపోయింది. ఆయన ఇంకా ఆగి వింటున్నాడు. తర్వాత హెడ్‌ఫోన్స్ తీసి, "మా అమ్మ ఏదీ?" అన్నాడు.

నేను చెరిపేశాను అని చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది. డెనీస్ నన్ను దేవుణ్ణి చూసినట్టు చూస్తోంది.

"ఆ డిస్కులో సంగీతం తప్ప ఇంకేమీ లేదు మిస్టర్ వీక్స్," అన్నాను.

ఆయన హెడ్‌ఫోన్స్ నా చేతికిచ్చాడు. "అయితే నేనే కల్పించుకున్నానన్నమాట. ఇన్నేళ్లూ," అన్నాడు. తర్వాత నా శ్రమకి థాంక్స్ చెప్పాడు. నేను ఆ థాంక్స్ తీసుకుని ఇంటికొచ్చాను.

శనివారం పోయాడు.

సోమవారం పార తీసుకుని మెయిల్‌బాక్స్ తవ్వాను. నీ ఉత్తరం ఉంది. మంచు పడక ముందే, బుధవారం పొద్దున వేసి వెళ్లి ఉంటారు. నించునే చదివాను. చివరి పేరాలో రాశావు చూడు, "నాన్నా, మా ప్రోగ్రామ్ తీసేసిన శబ్దాన్ని పారెయ్యదు, పక్కన ఇంకో ఫోల్డర్‌లో దాస్తుంది, చూశావా? టెస్టింగ్ కోసం పెట్టుకున్నాం" అని. పార అక్కడే పడేశాను. పైకెళ్లి కంప్యూటర్ తెరిచాను. ఫోల్డర్ ఉంది. నాలుగు నిమిషాల ఫైలు ఉంది.

పాట లేని ఆ ఫైలులో వంటిల్లు ఉంది. గరగరల వెనక కుర్చీ జరిగిన చప్పుడు, ఏదో గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు. తర్వాత ఆడమనిషి గొంతు, పక్కన కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా. "బిస్కట్, ఆ తీగ తొక్కకు. మీ నాన్న వాయిస్తున్నాడు, విను." పిల్లాడు "ఎక్కడ?" అన్నాడు. "అందులోనే," అని ఆమె నవ్వింది. నవ్వు కాస్తా దగ్గయింది. ఆ దగ్గు చాలాసేపు ఉంది.

బిస్కట్. ఆయన డెబ్బై ఐదేళ్లు వెతుక్కున్న పేరు అదమ్మా. లేదని నేను చెప్పేనాటికి అది మన ఇంట్లో, నా టేబుల్ మీదే ఉంది. ఆయన గొంతు కూడా అందులో ఉంది, నాలుగేళ్ల గొంతు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. శుక్రవారం చర్చిలో ఆయన అంత్యక్రియలకు మీ అమ్మా నేనూ వెళ్లాం. అప్పటికి ఆ ఫైలు విని నాలుగు రోజులైంది, నా ఫోన్‌లోనే ఉంది. వాళ్లు నేను శుభ్రం చేసిన పాట పెట్టారు. జనం లేచి చప్పట్లు కొట్టారు. డెనీస్ మైకులో నా పేరు చెప్పి, "మా తాతయ్యని మాకు తెచ్చిచ్చిన మనిషి" అంది. తర్వాత బయట నా పక్కకొచ్చి నెమ్మదిగా చెప్పింది. "ఆఖరి రెండు రోజులూ నాన్న ఒకటే మాట. వాళ్లమ్మ గొంతు గుర్తుందనుకుంటే అదీ తన ఊహేనట. వాళ్లమ్మ తనని పిలిచిందో లేదో కూడా తెలియదట." నేను ఏమన్నానో తెలుసా? "చాలా విచారం" అన్నాను. జేబులో ఫోన్ మీద చెయ్యి వేసుకుని ఆ మాటన్నాను. నా బతుకులో నేను చేసిన అన్నిటికన్నా నీచమైన పని అదే.

ఇవాళ పొద్దున మీ అమ్మకి అంతా చెప్పాను. ఫైలు వినిపించాను. దగ్గు దాకా విని ఆపేయమంది.

"ఆ రోజే చెప్పాను కదండీ, ఎవరో పిలుస్తోందని," అంది.

"చెప్పావు."

"వాళ్లమ్మాయికి ఎప్పుడిస్తారు?"

"ఇచ్చి ఏం లాభం? ఆయనే లేడు. ఆ పిల్లకి ఇంకో దుఃఖం. తండ్రి నిజమే చెప్పాడని తెలుస్తుంది, నా మూలంగా అబద్ధమనుకుని పోయాడనీ తెలుస్తుంది."

"అది మీరు మోయాల్సిన దుఃఖం. ఆ అమ్మాయి పేరు చెప్పి దాచుకోకండి," అంది. తర్వాత నాతో మాట్లాడలేదు. ఇంతవరకూ మాట్లాడలేదు.

డెనీస్‌కి ఫోన్ చేశాను. నాలుగింటికి ఇంటికి రమ్మంది, టీ పెడతానంది. గొంతులో ఎంత ఆదరమో. ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేశాను. ముందు నేను చేసింది చెప్తాను, తర్వాతే అది చేతికిస్తాను. ఆమె తలుపు మూస్తే మూస్తుంది. క్షమించమని అడగను. అడగాల్సిన మనిషిని ఆ గురువారం హాస్పిస్‌లో చూసి వచ్చాను, అప్పుడు అడగలేదు. మీ అమ్మ కోటు వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది, నాతో వస్తుందన్నమాట.

నువ్వు మీ టీమ్‌కి ఏం చెప్తావో నీ ఇష్టం. ఆ ఫోల్డర్ ఉందని మొదటి రోజే పెద్ద అక్షరాల్లో కనపడేలా చెయ్యమను. నాలాంటివాళ్లు ఇంకా ఉంటారు.

ఇంకొక్క మాట. పైన జవాబుల్లో నీ పేరు గురించి ఒకటి రాశాను. ఆఫీస్‌వాళ్ల ముందు పిలవను, ఆ మాట మీదే ఉంటాను. ఇకనుంచి అదితి అనే పిలుస్తానన్నది కొట్టేద్దామనుకున్నాను, కానీ ఈ ఉత్తరంలో ఇక ఏదీ చెరపదలచుకోలేదు. ఎప్పుడైనా నీ ముద్దుపేరు నీకు గుర్తురాకపోతే, అడగడానికి మేమిద్దరం లేకపోతే, చూసుకోవడానికి కింద నా చేత్తో రాసి పెడుతున్నాను. ఈ కాగితం పారెయ్యకు.

ఇట్లు,
బూందీ వాళ్ల నాన్న