నీళ్ళ వాటా

ఏప్రిల్ 3, గురువారం

రాసుకోమని మా అమ్మాయి మోహిని చెప్పింది. అది ఊళ్ళోనే ఉంది, అత్తారింట్లో. రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేస్తున్నానని విసుక్కుంది. నీ బుర్రలో గాబరా అంతా నా సెవిలో పోత్తే నానెలగ బతకాలమ్మా, పుత్తకం కొనుక్కుని అందులో రాసుకో అంది. నా చదువు ఐదో తరగతి. ఒత్తులు తప్పుతాను. తప్పితే తప్పనీ, ఎవరు చూడొచ్చారు.

నిన్న కాశీబుగ్గలో ఈ ఇంట్లో దిగాం. రెండో అంతస్తు. లిఫ్టు ఉంది. ఆసుపత్రికి ఆటోలో పది నిమిషాలు. మావకి, అంటే మా ఆయనకి, కిడ్నీలు పోయి రెండేళ్ళయింది. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. మా ఊరు సముద్రం ఒడ్డున, మావ అక్కడే చేపల వేటకి పోయేవాడు. పోయిన గాలివానకి కొబ్బరి చెట్టు రోడ్డుకి అడ్డం పడి ఆటో ఆగిపోయింది. మావకి ఊపిరి అందలేదు. నా ఒళ్ళో పెదాలు నల్లబడిపోయాయి. ఎవరో నలుగురు చెట్టు లాగారు కాబట్టి ఈ రోజు మనిషి ఉన్నాడు. ఆ రోజే అనుకున్నాను, ఇక ఊళ్ళో ఉండకూడదని.

అంతకు ముందు మూడు ఇళ్ళు చూశాం. డయాలసిస్ అనగానే ముగ్గురూ లేదన్నారు. ఒకావిడ మొహం మీదే అడిగేసింది, చెడ్డ నక్షత్రంలో ఏమైనా అయితే ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలి, ఆ అద్దె నువ్వు ఇత్తావేటి అని. టెక్కలి జగదీశ్వరరావు గారు ఒక్కరే ఇచ్చారు. ఆయనకి తోటలున్నాయి, ఈ ఫ్లాటు కూడా ఉంది. నాలుగున్నర వేలు అద్దె, మెయింటెనెన్స్ ఎక్స్‌ట్రా అన్నారు. ఎక్స్‌ట్రా ఎంత అని నేను అడగలేదు. అడిగితే ఇవ్వరేమోనని భయం.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఇక్కడ కుళాయి ఎప్పుడు తిప్పినా నీళ్ళే. పొద్దున్నా నీళ్ళే, మిట్టమధ్యాహ్నమూ నీళ్ళే. ఊళ్ళో గంటసేపు వచ్చేవి, ఆ గంటలోనే అన్నీ నింపుకోవాలి. అలవాటు ఎక్కడికి పోతుంది. తెల్లారే రెండు డ్రమ్ములూ ఐదు బిందెలూ పట్టేశాను. నిన్న పట్టినవి ముందు పారబోశాను. రాత్రి గడిచిన నీళ్ళు వాడకూడదని మా అత్త చెప్పేది. అప్పుడది ఆచారం. ఈ జబ్బు మా ఊళ్ళో ఇంటికొకరికి వచ్చాక నాకది భయం అయిపోయింది. దేనివల్ల వచ్చిందో మాకెవరూ తేల్చి చెప్పలేదు. నీళ్ళే అని కొందరు, కాదని కొందరు. తేలేదాకా నిలవ నీళ్ళు నా ఇంట్లో ఉండకూడదు. తాగడానికి కొనే క్యాన్ నీళ్ళు కూడా అంతే, మూత తీసి రాత్రి గడిస్తే పారబోతే.

ఊళ్ళో అయితే పారబోసిన నీళ్ళు కొబ్బరి మొక్కలకి పోయేవి. ఇక్కడ బాత్రూములో పోస్తే గొట్టంలోకి పోతాయి. చప్పుడే ఉండదు.

ఏప్రిల్ 10

డయాలసిస్ పింఛను పదివేలు. పాత చీర కొంగుకి ముడులు వేశాను. అద్దె ముడి, కరెంటు ముడి, గ్యాసు ముడి, ఆటో ముడి, క్యాన్ ముడి, మందుల ముడి. మావ చూసి నవ్వాడు. ఏటే, వల అల్లుతున్నావా అన్నాడు.

మే 2, శుక్రవారం

ఈ రోజు రెండు కాగితాలు వచ్చాయి.

ఒకటి కరెంటు బిల్లు. రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు, చిన్న ఫ్రిజ్. కాల్చింది కాక ఫిక్స్‌డ్ ఛార్జీ అంట. అదిగాక ట్రూ అప్ అంట. అదేంటని కింద ఫ్లాటు మనోహర్‌ని అడిగాను. ఎప్పుడో కాల్చిన కరెంటుకి ఇప్పుడు కట్టడం మామ్మా అన్నాడు. అప్పుడు ఈ ఇంట్లో మేం లేమే అన్నాను. మీటరు ఉంది కదా అన్నాడు.

రెండో కాగితం మనోహర్‌దే. జీడిపప్పు యూనిట్‌లో లెక్కలు రాస్తాడు, అపార్ట్‌మెంట్ డబ్బులూ అతనే వసూలు చేస్తాడు. వాచ్‌మన్, లిఫ్టు, మెట్ల లైట్లు, మోటారు కరెంటు, ట్యాంకర్. అన్నీ కలిపి ఫ్లాటుకి పదహారు వందలు. ఎప్పుడూ తొమ్మిది వందలు దాటదట. బోరు తగ్గింది మామ్మా, ట్యాంకర్లు తెప్పిత్తన్నాం, ఎవులో నీల్లు సెడ్డగా వాడతన్నారు అన్నాడు.

గ్యాసు ముడి విప్పాను. ఆటో ముడి కూడా విప్పాను. నిద్ర రాదు.

మే 3

ఎవరు వాడుతున్నారు?

మే 9, శుక్రవారం

మా పై ఫ్లాటు లక్ష్మీకుమారి. భూములున్న వాళ్ళు, సొంత ఫ్లాటు. ముగ్గురు పిల్లలు. వాషింగ్ మెషీన్ రోజూ తిరుగుతుంది. నా నెత్తి మీదే గుడగుడమంటుంది. మెషీన్ తిరిగినంతసేపూ నా డబ్బులే తిరుగుతున్నట్టు ఉంటుంది నాకు. మంచం మీద కూర్చుని వింటాను. ఆగితే, ఎందుకు ఆగిందా అని కూడా గాబరానే.

డయాలసిస్ నుంచి వచ్చాక మావకి దాహం. రోజుకి అర లీటరే తాగాలి, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. గ్లాసు కొలిచి ఇస్తాను. గుటక గుటకకీ నా మొహం చూస్తాడు. ఈ మనిషి ఉన్న ఇంటికి నీళ్ళ బిల్లు ఎక్కువ వేశారంటే నా కడుపు మండిపోతోంది.

మే 13

క్యాన్లు వేసే ఢిల్లీబాబు కుళ్ళు జోకు వేశాడు. ఇద్దరు ముసిలోలకి రోజుకో క్యానా, తాతేటి అందులో ఈత కొడతన్నాడా అన్నాడు. నీ డబ్బులు నీకిస్తున్నాను కదరా అన్నాను. తిక్కసచ్చినోడు.

మే 18, ఆదివారం

డాబా మీద మీటింగు. ప్రతి ఇంటి నుంచీ ఒకరు రావాలన్నారు. నేను వెళ్ళాను. నేను వద్దన్నా మావ నా వెనకాలే లిఫ్టులో వచ్చాడు.

మనోహర్ లెక్క చదివాడు. ఈ నెల ఇంకా ఎక్కువ, ఇరవై రెండు వందలు. అందరూ ఒకేసారి మాట్లాడారు. నేను లేచి నిలబడ్డాను. మాటలు వాటంతట అవే వచ్చేశాయి. మా ఇంట్లో మనిషి దినానికి అర లీటరు తాగుతాడు, మిషన్లు తిప్పినోల నీల్లు మేమెందుకు మొయ్యాల, ఎవులింటికి ఆల మీటరు పెట్టండి అన్నాను. లక్ష్మీకుమారి మొహం ఎర్రబడింది. ఏటి మామ్మగారూ, నన్నేనా అంటన్నారు, మా పిల్లల బట్టలు మురికిగా ఉంచమంటారేటి అంది. మీ పేరు నేనెత్తానా అన్నాను. పేరెత్తక్కర్లేదు, మీ కళ్ళు మా ఇంటికేసే సూత్తన్నాయి అంది.

అప్పుడు మావ గోడ పట్టుకుని లేచాడు. పడవలో డీజిలు కర్సు అందరిదీ అన్నాడు. ముందది తీసేసి, మిగిలిందే వాటాలు పంచుకుంటాం, ఎవుడు ఏ పక్క కూకున్నాడని అడుగుతామేటి, మీటర్లొద్దు బాబూ, పంచుకుందాం అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఈయన తరఫున నేను మాట్లాడితే ఈయనే అడ్డం పడ్డాడు. నువ్వు కూకో మావా అన్నాను అందరి ముందూ. నలభై ఏడేళ్ళలో అలా అనలేదు. కూర్చున్నాడు.

మీటర్లకే చేతులు ఎక్కువ లేచాయి. ఫ్లాటుకి పదిహేను వందలు. జగదీశ్వరరావు గారు సగం ఇస్తానన్నారు. మందుల ముడి విప్పాను.

మే 23

మీటరు పెట్టారు. గోడ మీద చిన్న గడియారంలా ఉంది. లోపల ఎర్ర ముల్లు. మా పేరుతో మా నీళ్ళు. మనసు కాస్త కుదుటపడింది.

మే 27

పడలేదు. ముల్లు తప్పు తిరిగితే?

జూన్ 3, మంగళవారం

రాయాలని లేదు. రాయకపోతే మోహినికి ఫోన్ చెయ్యాలి. దానికి చెప్పలేను.

మనోహర్ పొద్దున్నే వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మామ్మా, అందరికన్నా మీదే ఎక్కువ అన్నాడు. పై ఫ్లాటుకి రెండింతలు అన్నాడు. మీటరు పాడైంది అన్నాను. లేదు, రెండుసార్లు చూశాను అన్నాడు. ఎక్కడో గొట్టం కారుతోంది అన్నాను. ఇల్లంతా చూశాడు. ఎక్కడా చుక్క కారలేదు. ఇంతలో మాటలు విని లక్ష్మీకుమారి కిందికి వచ్చింది. డ్రమ్ములూ బిందెలూ చూసి, ఇవన్నీ ఎందుకు మామ్మగారూ, కుళాయిలో నీల్లు వస్తాయి కదా అంది.

చెప్పాను. రాత్రి గడిచినవి పారబోసి రోజూ కొత్తవి పడతానని చెప్పాను. అందులో దాచేది ఏముంది. నేను వాడలేదు కదా, మార్చాను అంతే.

చెప్తుంటేనే నాకు అర్థమైంది.

లక్ష్మీకుమారి అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండును. ఓలమ్మో అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే మంచం మీద పడుకున్న మావని చూసింది. నవ్వు ఆపేసింది. వెళ్ళిపోయింది.

మావ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తిట్టినా బాగుండును.

జూన్ 4, బుధవారం, పొద్దున్న ఐదు

పారబొయ్యకుండా ఉండాలని చూశాను. డ్రమ్ము ముందు నిలబడ్డాను. నీళ్ళు నల్లగా కనిపించాయి. లైటు వేసి చూశాను, తెల్లగానే ఉన్నాయి. అయినా పారబోశాను. సగమే. సగం ఉంచాను. కాసేపాగి ఆ సగం కూడా.

అదే రోజు, సాయంత్రం

జగదీశ్వరరావు గారు ఫోన్ చేశారు. ఎవరు చెప్పారో తెలియదు. ఆదివారం వస్తాను, కూర్చుని మాట్లాడదాం అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. అదే భయం. ఖాళీ చెయ్యమనేవాళ్ళు కోపంగా చెప్పరు.

డయాలసిస్ వార్డులో పక్క మంచం మనిషి తాలూకు ఆవిడని అడిగాను, ఎక్కడైనా ఇల్లు ఉందా అని. మాకే లేదు అప్పా, రోజూ సోంపేట నుంచి వస్తన్నాం అంది.

జూన్ 6, శుక్రవారం

మావకి చెప్పాను. ఆదివారం మాట ఇవ్వాలి, ఇస్తే నిలబెట్టుకోవాలి, నాకు చేతకావడం లేదు అన్నాను. ఏడ్చాను.

ఒలే అసిరీ, సముద్రానికి ఎవుడు రోజూ కొత్త నీరు పోత్తన్నాడే, సేపలు బతకలేదేటి అన్నాడు.

అది ఉప్పునీరు మావా, పాడవదు అన్నాను.

కాసేపు నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక అన్నాడు, నీల్లల్లోనే ఉందని నువ్వనుకుంటన్నావు. ఉంటే ఉందే. తాజా నీరు తాగే కదా నాకొచ్చింది. నువ్వు రోజూ పారబోత్తూనే ఉన్నావు కదా ముప్పై ఏళ్ళబట్టీ.

ముప్పై ఏళ్ళు బిందెలు మోసిన నడుం ఒక్కసారిగా నొప్పి పుట్టింది.

జూన్ 8, ఆదివారం

జగదీశ్వరరావు గారు పదకొండుకి వచ్చారు. మనోహర్ కూడా. కుర్చీలు రెండే, మావ మంచం మీద, నేను గుమ్మం దగ్గర.

సూడమ్మా, నేను మీకు ఇల్లు ఇచ్చినందుకే మిగతా ఓనర్లు నన్ను అంటున్నారు, ఇప్పుడు నీల్ల గొడవొకటి అన్నారు. వచ్చే నెల మీటరు తగ్గకపోతే నేనేమీ చెయ్యలేను, జూలై నెలాఖరికి చూసుకోండి అన్నారు. తగ్గుతుందా అని అడిగారు.

తగ్గుతుంది బాబూ అన్నాను. మాట వచ్చేసింది. ఎలా తగ్గుతుందో నాకు తెలియదు.

వాళ్ళు లేస్తుంటే లక్ష్మీకుమారి వచ్చింది, చేతిలో గిన్నె. పనసకాయ కూర. మామ్మగారు మీటర్లు పెట్టించబట్టి మా బిల్లు సగమైంది, థాంక్సు సెప్పుదామని అంది. మనోహర్ పక్కకి తిరిగి నవ్వాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెటకారమో, మంచితనమో. గిన్నె అయితే తీసుకున్నాను. కూర బాగుంది. రెండూ అయ్యుంటుంది.

సాయంత్రం ఒక డ్రమ్ము వాచ్‌మన్‌కి ఇచ్చేశాను. మూడు బిందెలు మోహినికి పంపాలి. రెండో డ్రమ్ము ఇవ్వలేకపోయాను.

క్యాన్‌లో ఇంకా సగం పైన నీళ్ళున్నాయి. ఢిల్లీబాబుకి ఫోన్ చేసి రేపు రావద్దన్నాను. ఏటి మామ్మా, ఊరెల్లిపోతన్నారా అన్నాడు. లేదురా, ఉంటాం అన్నాను.

జూన్ 9, సోమవారం, పొద్దున్న ఐదున్నర

మావ లేచాడు. ఆసుపత్రికి బయలుదేరే ముందు తాగే గ్లాసు అడిగాడు. కొలవడానికి నా చెయ్యి రాలేదు. తనే లేచి క్యాన్ వంచుకుని పోసుకున్నాడు. నిన్నటి నీళ్ళు. నా మొహం చూడకుండా తాగాడు. రెండో గ్లాసులో నాకు పోసి గట్టు మీద పెట్టాడు.

ఆటో వచ్చి హారన్ కొడుతోంది.

గ్లాసు చేతిలోకి తీసుకున్నాను.