పండ్లపొడి ముయ్యి

కడప,
1957 జూన్, ఆదివారం.

ప్రియమైన అక్కా,

కడప చేరాను. రైల్లో చోటు దొరకక గుంతకల్లు దాకా పండ్లపొడి పెట్టె మీదే కూర్చున్నాను. పెట్టె బాగానే ఉంది, నా నడుమే పట్టేసింది. తిరుమలయ్య అనే కోమటాయన మిద్దె మీద చిన్న గది దొరికింది. కింద ఆయన అంగడి. పొద్దున లేస్తే చింతపండు వాసన, పడుకుంటే బెల్లం వాసన.

ముందు శుభవార్త విను. మద్రాసు నుంచి వచ్చిన మా మేనేజరు ఏజెంట్లందరి ముందూ నన్ను లేపి నిలబెట్టాడు. వానలు లేని ఊళ్లో, వేపపుల్ల తప్ప ఎరగని జనం చేత ఇంటింటా డబ్బీ కొనిపించాడు, నేర్చుకుంటే ఈ గోపన్న దగ్గర నేర్చుకోండి అన్నాడు. నా చెవులు వేడెక్కాయి. నువ్వు ఉండి వింటే బాగుండేది.

నీకు ఇంకా అర్థం కాలేదన్నావు కదా, మళ్లీ చెబుతాను. డబ్బీ కొన్నవాడు మెంబరు అవుతాడు. ఆ మెంబరు తన కింద నలుగురిని చేర్చాలి. వాళ్లు కొన్నదాంట్లో వాడికి కమీషను. వాళ్లు మళ్లీ తలా నలుగురిని చేరిస్తే వాడికి మరికాస్త. అందరికీ పైనున్న నాకు అందరి మీదా వస్తుంది. మొదట ఇష్టంగా కొనేవాళ్లు కొందరు దొరికితే చాలు, తరువాత గొలుసు దానంతట అదే సాగుతుంది. కోసిగిలో దొరికారు. నరసన్న మామ అరుగు మీద కూర్చుని చిగుళ్ల జబ్బుల సంగతి మొదలుపెట్టానో లేదో, ఆయన "సరేలేప్పా, ఒగటి ఈడ పెట్టు" అన్నాడు. గిడ్డమ్మత్త అయితే పూర్తిగా విననైనా లేదు. అంత బాగా చెప్పానన్నమాట.

కడపలో కూడా అట్లాగే జరిగితే నన్ను జిల్లాకు ఆర్గనైజరుగా వేస్తారట, నెల జీతం మీద. అప్పుడు నువ్వు ఎండలో నడుము వంచే పని ఉండదు. బావ పోయి నువ్వు మన ఇంటికి వచ్చిన నాటి నుంచి నన్ను సాకింది నువ్వే. ఇంక నా వంతు.

అక్కడ వాన పడిందా? రాయి.

నీ తమ్ముడు,
గోపన్న.


కోసిగి,
ఆషాఢమాసం.

ప్రియమైన తమ్ముడికి,

నీ జాబు పోస్టుమాను వీధిలో అందరి ముందూ ఇచ్చాడు. మేనేజరు నిన్ను మెచ్చుకున్నాడని చెబితే గిడ్డమ్మత్త నీకు దిష్టి తగులుతుందని నా చేతిలో ఎండుమిరపకాయలు పెట్టింది. నేను నాలుగో తరగతి దాకా చదివినదాన్ని, అక్షరాలు వంకర పోతే నవ్వకు.

వాన పడింది. మూడేళ్ల తరువాత నేల పదును చూసింది. శివన్నను ఎద్దులు అడిగి చేనంతా బుడ్డలు విత్తించాను. మీ కడపలో చెనక్కాయలంటారట, పేరు ఏదైతేనేం. మొలక బాగా వచ్చింది. ఈ పంట చేతికి వస్తే తిండికీ, వచ్చే ఏటి విత్తనానికీ ఢోకా లేదు. రాకపోతే చేను లేనివాళ్లలాగా మూట కట్టుకొని సుగ్గికి పోవాల్సిందే, ఎవరి ఊళ్లోనో కూలి చేసుకోవడానికి. నాయన పోయినా, కరువులు వచ్చినా మన ఇంటి తలుపుకు తాళం పడలేదు. పడనీయకూడదని నా పంతం.

ఇప్పుడు కలుపు రోజులు. నువ్వు బడికి పోయేవాడివి, ముయ్యికి ఎన్నడూ పోలేదు గనక నీకు తెలియదు. ఒకరి చేనికి మనం పోతే మన చేనికి వాళ్లు వస్తారు. కూలి ఇచ్చి పిలిపించుకునే స్తోమత ఈ ఊళ్లో ఎవరికుంది? పెండ్లిలో చదివించినా ముయ్యే, చేనిలో కలుపు తీసినా ముయ్యే. నిన్న నరసన్న మామ చేనికి పోయాను. ఇవాళ గిడ్డమ్మత్త చేనికి పోయి వచ్చి ఈ జాబు రాస్తున్నాను. రేపు శివన్న వాళ్లది. మన చేనిలోనూ గరిక లేస్తున్నది గానీ, ముందు వాళ్లవి కానీలే.

నీ పండ్లపొడి సంగతి చెప్పలేదంటావేమో. ఉరుకుందమ్మ మొగుడు కొంచెం నోట్లో వేసుకొని "నోట్లో పీర్ల పండగ జరిగినట్ల ఉండాది" అన్నాడు. శివన్న ఎద్దు మెడ మీద పుండుకు చల్లాడు, మానింది. దీనికి మీ కంపెనీ ఏమంటుందో కనుక్కో.

వేళకు తిను. ఊరికే మాట్లాడి మాట్లాడి గొంతు పోగొట్టుకోవద్దు.

నీ అక్క,
ఈరక్క.


కడప,
ఆగస్టు.

ప్రియమైన అక్కా,

జాబు రాయడానికి ఆలస్యమైంది. రాయడానికి మంచి సంగతి ఏదైనా దొరుకుతుందేమోనని చూస్తూ ఉండిపోయాను.

కడప జనం మర్యాదస్తులు. కూర్చోబెడతారు, మజ్జిగ ఇస్తారు, చివరి దాకా వింటారు. నేను చెప్పులు తొడుక్కునేటప్పుడు "మల్లెప్పుడన్నా చూస్తాంలేప్పా" అంటారు. కోసిగిలో చెప్పిన మాటలే చెబుతున్నాను, ఇంకా మెరుగ్గానే చెబుతున్నాను. వకీళ్ల ఇళ్లకు పోయాను, బడి అయ్యవార్ల దగ్గరకు పోయాను, సిగ్గు విడిచి బస్టాండులో నిలబడి కేకలు కూడా వేశాను. ఎట్లాగో చేరిన ఇద్దరికీ తమ కింద చేరేవాళ్లు దొరకక, ఇప్పుడు నేను కనపడితే పక్క సందులోకి తిరుగుతున్నారు.

నిన్న తిరుమలయ్యకు నా గోడు చెప్పుకున్నాను. ఆయన కందులు చెరుగుతూ అంతా విని, ఒకటే అడిగాడు.

"మీ కోసిగిలో రెండో డబ్బీ ఎవురన్నా కొనిరా?"

తరువాత ఆయనే చెప్పాడు. మొదటిది మనిషి మొహం చూసి కొంటారట, రెండోది సరుకు చూసి కొంటారట, రెండోది కొన్నవాడే గిరాకీ అట. నాకు ఒళ్లు మండింది. అంగట్లో కూర్చుని బెల్లం కొట్టేవాడికి గొలుసు వ్యాపారం ఏం తెలుస్తుంది?

మేనేజరు గడువు పెట్టాడు. దసరా లోపల కోసిగి గొలుసు ఇంకో మెట్టు దిగకపోతే ఆర్గనైజరు పని వేరేవాడికి పోతుంది. అందుకని నువ్వు నాకు ఒక సాయం చెయ్యి. నరసన్న మామతో, గిడ్డమ్మత్తతో, డబ్బీ తీసుకున్న అందరితోనూ మాట్లాడి తలా నలుగురిని చేర్పించమను. పక్క ఊళ్లలో చుట్టాలు లేనిది ఎవరికి? రెండో డబ్బీ ఎవరెవరు కొన్నారో కూడా తప్పకుండా రాయి. తిరుమలయ్య మొహాన పెట్టాలి.

మన చేను కలుపు అయిందా?

నీ తమ్ముడు,
గోపన్న.


కోసిగి,
వినాయక చవితి అయిన మరుసటి వారం.

ప్రియమైన తమ్ముడికి,

నీ జాబు చేరింది. నువ్వు చెప్పమన్నది ఎవరితోనూ చెప్పలేదు, చెప్పను కూడా. కోపం వస్తే రానీ.

మన చేను పోయింది. గరిక బుడ్డ మొక్కను మింగేసింది. వంగి వెదికితే తప్ప మొక్క కనపడదు. నేనొక్కదాన్నే పైనుంచి తీసుకుంటూ కింది గట్టు దాకా వచ్చేసరికి పైన మళ్లీ లేచింది. వానను అనడానికి లేదు. ఊళ్లో అందరి చేలూ కళకళలాడుతున్నాయి, చూస్తే కడుపు నిండుతుంది. మనది ఎందుకు ఇట్లా అయిందని మాత్రం అడగొద్దు.

ఉరుకుందమ్మ వాళ్లు ఏటా సుగ్గికి పోయేవాళ్లే కదా. ఈసారి వాళ్ల గుంపుతో నేనూ కమలాపురం పోతున్నాను, పసుపు తోటల్లో కూలికి. తాళంచెవి నరసన్న మామ ఇంట్లో ఇస్తాను. ఆ తాళం కొనడానికి సంతకు పోయి, ఒకసారి ఉత్త చేతులతో తిరిగొచ్చి, మళ్లీ పోయి కొన్నాను. జాబు రాస్తే కమలాపురంలో పెద్దసుబ్బయ్య అంగడికి రాయి, కూలివాళ్ల జాబులు అక్కడికే వస్తాయట. నన్ను చూడాలనిపిస్తే అక్కడికే రా, కడపకు దగ్గర. కోసిగికి ఇప్పుడు పోవద్దు. పెద్దదాన్ని చెబుతున్నాను, విను.

నీ అక్క,
ఈరక్క.


కోసిగి,
మహాలయ అమావాస్య ముందు.

ప్రియమైన అక్కా,

పోవద్దన్నావు, వచ్చాను. నీ మీద కోపంతోనే వచ్చాను. నువ్వు చెప్పకపోతే ఏం, నా గొలుసు నేనే సాగించుకుంటాను అని సంచి నిండా డబ్బీలు తెచ్చాను. మన తలుపుకు తాళం చూసేసరికి సంచి అక్కడే దించి అరుగు మీద కూలబడ్డాను.

నరసన్న మామ తాళంచెవి తెచ్చి ఇచ్చి, అన్నానికి వాళ్ల ఇంటికి పిలుచుకుపోయాడు. గూట్లో దేవుడి పటం పక్కన నేను అమ్మిన డబ్బీ ఉంది. మూతకు అంటించిన కాగితం కూడా చింపలేదు. తరువాత పోతే గిడ్డమ్మత్త ఇంట్లోనూ అంతే. రెండో డబ్బీ మాట ఎత్తే పని లేకపోయింది. మరి ఎందుకు కొన్నావు మామా అని అడిగితే ఆయన నన్ను వింతగా చూశాడు.

"కొనేదేంది? పిల్లోడు కొత్తగా పనిలోకి దిగినాడు, పెండ్లిలో చదివించినట్ల తలా ఒగటి తీసుకుంటిమి. మల్ల మా ఇంట్లో అక్కర పడితే నువ్వొచ్చి నిలబడవా?"

అక్కా, నేను అమ్మాననుకున్నాను. వాళ్లు ముయ్యి చదివించారు. నేను అది తెలియక రైలెక్కి పోయి, మేనేజరు పొగిడితే నా మాటకారితనం అని పొంగిపోయాను. నా మాటలు ఎవరికీ అక్కర్లేదు. ఆ ముయ్యి అంతా నువ్వు మోశావు. డబ్బీ తీసుకున్న ప్రతి ఇంటి చేనికీ పిలవకుండానే పోయి కలుపు తీశావట. ఊరి చేలన్నీ అయ్యేసరికి మన చేను మిగల్లేదు. మన చేను కలుపు అయిందా అని నిన్ను నేనే అడిగాను చూడు.

ఈ పని నా వల్ల కాదని మేనేజరుకు రాసి, డబ్బీలు తిప్పి పంపాను. ఇంక చేను సంగతి. హింగారి వానలు ముందున్నాయి, ఆ రెండో పంట పదునుకు జొన్న విత్తుకోవచ్చు. ఆ గరికంతా తవ్వి పారేయడానికి మనుషులు కావాలి. అందుకని నేను ఇంటింటికీ పోయి, రేపు మీ చేనికి మనిషి కావల్నా అని అడుగుతున్నాను. పండ్లపొడిని మారుమాట లేకుండా తీసుకున్నవాళ్లు నన్ను తీసుకోవడానికి వెనకాడుతున్నారు. నా అరచేతులు చూసి నవ్వుతున్నారు. గిడ్డమ్మత్త ఒక్కతే కొర్ర కోత మొదలైతే పిలుస్తానంది. పోతాను. ఆ సాయంత్రమే, మరునాడు మన చేనికి రమ్మని అడిగి ఆమెతో లెక్క తేల్చేస్తాను. ప్రతి ఇంటితోనూ అట్లాగే, ఏదీ సాగదీయను. నువ్వు తీర్చినట్టే నేనూ ఎవరితోనూ ఏమీ మిగల్చకుండా తీర్చుకుంటాను. నరసన్న మామ నీ గురించి అదే అన్నాడు, "మీ అక్క అందరికీ తీర్చేసి పాయ. ఇంగ మాకూ మీకూ ఏముండాది" అని. మెచ్చుకోలుగానే అన్నాడనుకుంటాను, మొహం మాత్రం చిన్నబోయి ఉంది.

నువ్వు ఎప్పుడొస్తావు?

నీ తమ్ముడు,
గోపన్న.


కమలాపురం,
దసరా రోజులు.

ప్రియమైన తమ్ముడికి,

పెద్దసుబ్బయ్య అంగట్లో ఉప్పు బస్తా మీద నీ జాబు దొరికింది. పసుపు మడి గట్టున కూర్చుని చదివాను. ఏడుపు వచ్చింది. నువ్వు పని ఇమ్మని ఇల్లిల్లూ తిరుగుతున్నావని చదివినాక నవ్వూ వచ్చింది. పక్కనున్న ఉరుకుందమ్మ నాకు దయ్యం పట్టిందనుకుంది.

నరసన్న మామ నన్ను మెచ్చుకోలేదు. నొచ్చుకున్నాడు. పిలవకుండా ఆయన చేనికి పోయిన నాడే గట్టు మీద నిలబడి అడిగాడు. "ఏమ్మా ఈరక్కా, మేమిచ్చి రెండు నెల్లు కాలేదు, అప్పుడే తిరిగిస్తాండావు. మాతో తెగదెంపులు చేసుకుంటాండావా?"

నేను వినిపించుకోలేదు. గోపన్న మా దుడ్లు తినిపోయినాడని రేపు ఎవరూ అనకూడదు, నా బుర్రలో అదొక్కటే. దినమూ ఒక ఇల్లు తీర్చుకుంటూ పోయాను. అంతా తీరినాక మన చేనికి ఎవరినైనా పిలుద్దామని బయలుదేరి వీధి మధ్యలో నిలబడిపోయాను. నాకు రావలసినవాళ్లు లేరు, నేను పోవలసినవాళ్లూ లేరు. నోరు తెరిచి అడిగితే వచ్చేవాళ్లే. కానీ నాకు నోరు రాలేదు. చేను పోయిందని నీకు రాశాను గానీ, పోగొట్టింది నేనే. నువ్వు ముయ్యిని అమ్మకం అనుకున్నావు, నేను అప్పు అనుకున్నాను. ఒక తల్లి పిల్లలమే కదా.

ఇక్కడ కూలి మంచిదే. పొద్దుగూకేసరికి చేతిలో వేస్తారు, అంతటితో సరి. నా పేరు ఎవరికీ అక్కర్లేదు. "ఏయ్ కోసిగామె, ఈ మడికి రా" అంటారు. ఎవరి మాటా పడే పని లేదని మొదట హాయిగానే ఉండింది. మొన్న ఒళ్లు వెచ్చబడి పనికి పోలేదు. ఎందుకు రాలేదని అడిగినవాళ్లు లేరు. కోసిగిలో అయితే మధ్యాహ్నానికి గిడ్డమ్మత్త మిరియాల కషాయం పట్టుకొని వచ్చి, తాగే దాకా తిట్టేది. ఆ దినమంతా ఆ తిట్ల కోసం నా ప్రాణం కొట్టుకుంది.

ఈ పని అయిపోతూనే నేను వచ్చేస్తాను, గరిక అప్పుడు అందరినీ పిలిచి తవ్విద్దాం. ఈలోపల ఇంటింటితో లెక్కలు తేల్చే పని పెట్టుకోవద్దు. తేల్చేస్తే నాకు మల్లేనే వీధిలో నిలబడిపోతావు.

గిడ్డమ్మత్త పిలిస్తే పో. మన కొడవలి మొద్దుబారి ఉంటుంది, నరసన్న మామను అడిగి తీసుకో. అడిగితే ఆయన సంతోషిస్తాడు. వంచిన నడుము మాటిమాటికీ ఎత్తకు, నవ్వుతారు. సాయంత్రం చేతులు కడుక్కునేటప్పుడు ఆమె నిన్ను తప్పకుండా అడుగుతుంది, మీ చేనికి ఎప్పుడు రావల్ల అని. దినం చెప్పొద్దు. "తొందరేముండాదిలే అత్తా" అను.

నీ అక్క,
ఈరక్క.