ఘాటులో ఆపిన కారు

ఆదివారం, రాత్రి

తలంటుకున్నా జడలో ఎర్రదుమ్ము పోలేదు.

మోక ఊరి నుంచి సండూరు కొండలు చుట్టి వచ్చే పాత కార్ల రేసులో సగం దూరం దాకా మేమే ముందు. నాయన తోలుతున్నాడు, నేను పక్కన కూర్చుని దారి చెబుతున్నాను. కొండ మీది ఘాటు రోడ్డు దిగుతుంటే ఎదురుగా ఖనిజం లారీలు వరసగా ఎక్కుతున్నాయి. దారి ఇరుకు, మేం దూరితే వాళ్ళే ఆగుతారు. నాయన మాత్రం కారు పక్కకు తీసి ఆపేశాడు.

"ఇది రేసు నాయనా, పోనీ!" అని అరిచాను.

"లోడుతో ఎక్కుతాండారు పాపా. ఈడ ఆగితే బండి ఎనక్కి జారుతాది."

మా వెనకున్న కార్లన్నీ హారన్లు కొడుతూ దూరిపోయాయి. మేం ఆఖరున వచ్చాం.

ఇంటికొచ్చే దారంతా నేను మాట్లాడలేదు. నాయన మోకలో బొరుగులూ, మిరపకాయ బజ్జీలూ కొని నా ఒళ్ళో పెట్టాడు. పొట్లం విప్పకుండా కిటికీ వైపు తిరిగాను. పొద్దున ఏమని పలకరించాలో...

నా చిన్నప్పుడంతా ఆయన ఆ ఘాటులోనే ఖనిజం లారీ తోలాడు. ఎంత పొద్దుపోయినా ఇంటికి వచ్చేవాడు. రాకుండా ఎలా ఉంటాడని నిద్రపోయేదాన్ని. ఆ ఎత్తులో ప్రతిసారీ ఎవరో ఒకరు ఆగి, ఆయనకు దారిచ్చి ఉంటారు.